ఉప్పు సరిపడా

"ఆవిడ బతికే ఉన్నారంటావా బాబూ?" అనడిగాను మా అల్లుణ్ణి.

"ఎవరండీ అత్తయ్యగారూ?"

"అదే, ఈ పుస్తకం రాసినావిడ. బెట్టీ క్రాకర్‌గారు. 1957లో రాశారంటే అప్పటికే నలభై ఏళ్ళన్నా ఉండవూ? ఈపాటికి పోయే ఉంటారులే."

"పోవడం కాదండీ. ఆవిడ అసలు పుట్టలేదు" అన్నాడు అల్లుడు, తాపీగా కాఫీ తాగుతూ.

న్యూజెర్సీలో మా అమ్మాయింట్లో వంటింటి బల్ల దగ్గర జరిగిన సంభాషణ ఇది. ఆ మాట విని నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. మీరు నవ్వినా సరే, దగ్గరివాళ్ళెవరో పోయారన్న కబురు విన్నట్టే అయింది నాకు. పోయారంటే నాలుగు మంచిమాటలు చెప్పుకుని ఊరుకుంటాం. అసలు పుట్టనేలేదంటే ఏం చెప్పుకోవాలి? ఎవరితో చెప్పుకోవాలి?

సంగతి మొదట్నించీ చెబితేగానీ మీకు అర్థం కాదు.

మాది బాపట్ల. నాన్న వ్యవసాయ కళాశాలలో పనిచేసేవారు. మా బాబాయి చదువుకోసమని అమెరికాలో మిన్నెసోటా వెళ్ళి, 1965లో తిరిగొచ్చాడు. అందరికీ ఏవేవో తెచ్చాడు. నాకు మాత్రం ఒక పుస్తకం తెచ్చాడు. బాలబాలికల వంటల పుస్తకం! ఊళ్ళో నా ఈడు పిల్లలకి జపాను బొమ్మలొస్తే నాకు వంటల పుస్తకం రావడమేమిటని మొదట ఏడుపొచ్చింది. కానీ తెరిచి చూశాక మళ్ళీ మూయబుద్ధి కాలేదు. ప్రతి పేజీకీ రంగుల బొమ్మలు. గరిటెలు, గిన్నెలు, కొలత గ్లాసులు బొమ్మలు గీసి, దేన్ని ఏమంటారో పక్కనే రాశారు. ఆ వంటకాలన్నీ ముందుగా పన్నెండుమంది పిల్లలచేత చేయించి చూశారట. ఆ పిల్లల మొహాలు కూడా గీసి, వాళ్ళేమన్నారో వేశారు. పిల్లలన్నదానికి అచ్చులో విలువిచ్చిన పుస్తకం అంతకుముందు నేను చూడలేదు.

"ఈ బెట్టీ క్రాకర్‌గారెవరు బాబాయ్?" అనడిగితే, "మేమున్న ఊరే! మిన్నియాపోలిస్" అన్నాడు బాబాయి.

అంతే, నాకు ఆవిడ బాబాయి వీధిలో ఉండే ఒక తెల్లటి పిన్నిగారైపోయింది.

చెప్పొద్దూ, ఆ పుస్తకంలో మా ఇంట్లో చేసుకోదగ్గది దాదాపు ఏమీ లేదు. అన్నిటికీ గుడ్లు కావాలి, కాకపోతే ఓవెన్ కావాలి. మా ఇంట్లో ఉన్నవి రెండు కట్టెల పొయ్యిలు, ఒక కుంపటి. గుడ్డు అన్న మాట మా నాయనమ్మ ముందు అంటేనే మళ్ళీ స్నానం చెయ్యమనేది. ఒక్కటంటే ఒక్కటే చెయ్యొచ్చనిపించింది. కొవ్వొత్తి సలాడ్. ఆకు పరిచి, దానిమీద చక్రంలా కోసిన అనాసముక్క పెట్టి, దాని చిల్లులో సగం అరటిపండు నిలబెట్టి, కొసన ఎర్రటి చెర్రీపండు గుచ్చితే వెలుగుతున్న కొవ్వొత్తిలా ఉంటుంది. బాపట్లలో ఆ రోజున అనాస దొరకలేదు. ఏం చేశానో తెలుసా? అమ్మ గారెలు వండుతుంటే ఒకదానికి చిల్లు పెద్దది చెయ్యమని బతిమాలాను. కేబేజీ ఆకుమీద గారె, గారెలో చక్కెరకేళి, దాని నెత్తిన రేగిపండు. నాన్న కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. మా తమ్ముడు మాత్రం కొవ్వొత్తినీ, దాని పీటనీ కలిపి నిమిషంలో పూర్తి చేశాడు.

వంటలు కాదు గానీ, ఆ పుస్తకం చెప్పే పద్ధతి నా బుర్రకెక్కింది. ముందు అంతా చదువుకో. కావలసినవన్నీ తీసి బల్లమీద పెట్టుకో. గ్లాసు నిండా పిండి పోసి, చాకు వీపుతో పైన సమంగా గీసెయ్. అంతేగానీ "కొంచెం", "కాస్త", "చూసుకుని వెయ్యి" వంటి మాటలు ఎక్కడా లేవు. ఎవరో ఎక్కడో నా మొహం ఎరగనావిడ, నువ్వు ఇలా చేస్తే ఇలా వస్తుంది, భయపడకు అని నాకు హామీ ఇచ్చింది. పదేళ్ళపిల్లకి అంతకంటే ఏం కావాలి?

ఇక అసలు సంగతికొస్తాను.

అమ్మ బయట చేరిన మూడు రోజులూ మా ఇంట్లో నాన్నే వంట చేసేవారు. ఒకసారి నాన్న క్యాంపుకెళ్ళారు. నాయనమ్మ అత్తయ్య వాళ్ళింటికెళ్ళింది. పొయ్యి ముందు నేను, పెరటి అరుగుమీద అమ్మ. అక్కణ్ణించి అమ్మ చెబుతుంటే నేను చెయ్యాలి.

"పప్పు వెయ్యి."

"ఎంత?"

"మనకి సరిపడా."

"చింతపండు ఎంత?"

"కాస్త."

"ఉప్పో?"

"సరిపడా వెయ్యవే, తెలుస్తుందిగా!"

ఎలా తెలుస్తుంది? మా ఇంట్లో దేవుడికి పెట్టేదాకా ఏదీ నోట పెట్టకూడదు. రుచి చూస్తే ఎంగిలి. చూపుతోటే, వాసనతోటే తెలియాలి. అమ్మకి పాతికేళ్ళ చెయ్యి. నాకు పదేళ్ళ వయసు. రెండు గుప్పిళ్ళ రాళ్ళుప్పు చారులో పోశాను. తమ్ముడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తాడు. అమ్మకి నవ్వాగలేదు. ఆవిడ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. ఏడుస్తూ అన్నాను:

"నీకు చెప్పడం చేతకాదు. బెట్టీ క్రాకర్‌గారికి వచ్చు. ఆవిడే నాకు అమ్మయితే బావుండేది."

అమ్మ నవ్వు ఆగిపోయింది. తిట్టలేదు, కొట్టడానికి లేదు ఎలాగూ. "సరే, ఆ చారులో ఇంకో చెంబు నీళ్ళు పొయ్యి" అంది.

నాలుగోనాడు తలంటి పోసుకుని లోపలికొచ్చిందో లేదో నన్ను పిలిచింది. "నీ పుస్తకం ఒకటి తెచ్చుకో. రాసుకో" అంది. పీట వేసుకుని కూర్చుంది. సోల, అరసోల, గిద్దె వరసగా పెట్టుకుంది. తన అలవాటుకొద్దీ డబ్బాలో చెయ్యిపెట్టి గుప్పెడు కందిపప్పు తీసింది. గిద్దెలో పోసింది. అట్లకాడ అంచుతో పైన గీసింది. సమంగా! "ఊఁ, రాయి" అంది. నా పుస్తకం తను ఎప్పుడు చూసిందో, ఆ చాకు బొమ్మ ఎప్పుడు పట్టుకుందో నాకు ఇవాళ్టికీ తెలీదు. ఇంగ్లీషు అక్షరం రాని మనిషి.

మిరపకాయలు లెక్కపెట్టింది. మెంతులు చెంచాతో కొలిచింది. తన చేతిలోంచి తనే ఒక్కొక్కటీ లాక్కుంటున్నట్టు, పరీక్షకి కూర్చున్నదానిలా చేసింది పాపం. ఉప్పు దగ్గరికొచ్చేసరికి మూడు వేళ్ళతో తీసి చెంచాలో పోసింది. చూసింది. తిరిగి డబ్బాలో వేసి మళ్ళీ తీసింది. ఈసారి ఎక్కువొచ్చింది. మూడోసారి ఇంకోలా వచ్చింది. చివరికి, "ఇదొక్కటీ రాయకే. నాకే తెలీదు" అంది.

నేను రాయలేదు. "ఉప్పు" అని రాసి, పక్కన ఖాళీ వదిలేశాను.

ఆ పుస్తకం, అంటే అమెరికా పుస్తకం, మా బాపట్ల ఇంట్లో చెదలకి పోయింది. అదే అచ్చుని ఉన్నదున్నట్టుగా 2003లో మళ్ళీ వేశారట. మా అమ్మాయి తన కూతురికని ఎక్కడో పట్టుకొచ్చింది. అరవై ఏళ్ళు కావొస్తుండగా మళ్ళీ నా చేతికొచ్చింది. ఆ కొవ్వొత్తి అలాగే ఉంది. నేను మాత్రం కళ్ళజోడు పెట్టుకుంటేగానీ చూడలేకపోయాను.

ఇక అల్లుడు చెప్పిన కథ. తరవాత నేనూ వెతికి చదివాను.

మిన్నియాపోలిస్‌లో వాష్‌బర్న్ క్రాస్బీ అనే గోధుమపిండి కంపెనీ ఉండేది. 1921లో వాళ్ళు పత్రికలో ఒక బొమ్మల పజిలు వేసి, పూర్తిచేసి పంపినవాళ్ళకి పిండిబస్తా ఆకారంలో ఉన్న గుండుసూదుల దిండు బహుమతి అన్నారు. వేలకొద్దీ జవాబులొచ్చాయి. వాటితోపాటు ఆడవాళ్ళ ఉత్తరాలూ వచ్చాయి. కేకు ఎందుకు పొంగడం లేదు, రొట్టె ఎందుకు గట్టిపడుతోంది అని. కంపెనీలో వంట తెలిసిన ఆడవాళ్ళని అడిగి జవాబులు తయారుచేశారు. కింద సంతకం మాత్రం ప్రకటనల శాఖ చూసే శామ్ గేల్ అనే ఆయన పెట్టాలి. ఆయనకి ఇబ్బంది అనిపించింది. మగవాణ్ణి, నేను చెబితే ఏ ఇల్లాలు నమ్ముతుంది అని. అప్పుడు పుట్టించారు బెట్టీ క్రాకర్‌ని. క్రాకర్ అనేది పదవీ విరమణ చేసిన ఒక డైరెక్టరుగారి ఇంటిపేరు. బెట్టీ అంటే వినడానికి స్నేహంగా ఉంటుందని. సంతకంకోసం ఆఫీసులో ఆడవాళ్ళందరిచేతా రాయించి, ఫ్లోరెన్స్ లిండెబర్గ్ అనే సెక్రటరీ చేతిరాతని ఎంచుకున్నారు. 1924నుంచి రేడియోలో మాట్లాడించారు, ఒక్కో ఊరి స్టేషనులో ఒక్కో ఆవిడచేత. 1936లో బొమ్మ వేయించారు, ఆ శాఖలో పనిచేసే ఆడవాళ్ళ మొహాల్లోంచి తలా కాస్తా తీసుకుని. 1945లో ఫార్చ్యూన్ పత్రిక అమెరికాలో ప్రజాదరణ ఉన్న ఆడవాళ్ళలో ఎలినార్ రూజ్వెల్ట్ తరవాత స్థానం ఈవిడకే అంది. ఒకావిడ ప్రెసిడెంటుగారి భార్య, ఇంకొకావిడ పిండిబస్తా!

"అంటే పిండి అమ్ముకోడానికి చెప్పిన అబద్ధమన్నమాట" అన్నారు మావారు. ఆయనకి ఏ సంగతైనా ఒక్క వాక్యంలో తేలిపోవాలి.

నాకు అంత తొందరగా తేలలేదు. చూడండి మరి, అబద్ధం ఎక్కడుంది? పేరులో ఉంది. పిండి కొలతలో లేదు. ఆ వంటకాలు నిజంగా ఎవరో చేసి చూసినవే, పన్నెండుమంది పిల్లలు చేసి చూసినవే. మన దగ్గర మాత్రం లేదా? 1970లలో ఆంధ్రజ్యోతి వారపత్రికలో పురాణం సీతగారి "ఇల్లాలి ముచ్చట్లు" కోసం మా వదిన పోస్టుమాన్‌కి ఎదురెళ్ళేది. అవి రాసింది పురాణం సుబ్రహ్మణ్యశర్మగారని తెలిశాక రెండు రోజులు అలిగి, మూడోవారం మళ్ళీ అదే ఆత్రంగా చదివింది. "ఆయనైతేనేం, మన సంగతులేగా!" అంది. మాలతీ చందూర్‌గారు అలా కాదు. ఆంధ్రప్రభలో "ప్రమదావనం"లో జవాబులు చెప్పినావిడా ఆవిడే, పేరూ ఆవిడదే. అది గొప్పే, కాదనను.

కానీ నిజం మనుషులు నిజమే చెబుతారని ఎక్కడుంది? మా ఎదురింటి మామ్మగారి సున్నుండలు బాపట్లంతా ప్రసిద్ధి. అడిగితే ఎంత ప్రేమగా చెప్పేదో! మినప్పప్పు ఎంత వేయించాలి, నెయ్యి ఎంత, బెల్లం ఎలా దంచాలి, అంతా చెప్పేది. చేస్తే మాత్రం ఆవిడ సున్నుండలా వచ్చేది కాదు. మనదే చేతకానితనం అనుకునేవాళ్ళం. చాలా ఏళ్ళకి మా అమ్మ కనిపెట్టింది, మినప్పప్పుతో కలిపి గుప్పెడు బియ్యం కూడా వేయించి విసురుతుందావిడ. ఆ గుప్పెడూ ఒక్కరికీ చెప్పకుండానే దాటిపోయింది మహాతల్లి. ఆవిడకి ఊరూ పేరూ ఉన్నాయి, అమ్ముకోవడానికి పిండీ లేదు. అయినా దాచింది. లేని మనిషి దాచలేదు. ఈ ఇద్దరిలో అబద్ధం ఎవరిదో నాకు చెప్పండి. మామ్మగారిని కూడా నేను పూర్తిగా తప్పు పట్టలేను. ఆ ఇంట్లో ఆవిడ మాట చెల్లే చోటు ఆ సున్నుండల డబ్బా ఒక్కటే. దాన్నీ ఊరందరికీ పంచేస్తే ఆవిడకేం మిగులుతుంది?

మరి మా అమ్మో? ఆవిడ దాచలేదు, అబద్ధం చెప్పలేదు. తనకి తెలిసింది మాటల్లో లేదు, చేతిలో ఉంది. అంతే. పెద్దయ్యాక నా సంసారంలో నేనే తెలుసుకున్నాను, "సరిపడా" అనేది బద్ధకపు మాట కాదని. ఈ సమంగా గీసే కొలతని 1896లో బోస్టన్ వంటబడి ఫానీ ఫార్మర్‌గారు తన పుస్తకంతో దేశమంతా వ్యాపింపజేశారు. మరలో ఆడించి సంచుల్లో వచ్చే పిండికి ఆ కొలత నప్పుతుంది. మా ఇంట్లో ఏది రెండుసార్లు ఒక్కలా ఉండేది? కొత్తబియ్యానికి ఒక ఎసరు, పాతబియ్యానికి ఇంకో ఎసరు. చింతపండు ఏడాది ముదిరితే పులుపు మారుతుంది. రాళ్ళుప్పు పెద్ద గళ్ళయితే చెంచాలో తక్కువ పడుతుంది, నలిగినదయితే ఎక్కువ పడుతుంది. చెంచా ఒకటే, ఉప్పు ఒకటి కాదు. ఆ రోజు అమ్మ మూడుసార్లు తీసి మూడుసార్లూ మానేసింది అందుకే. తెలీదని ఒప్పుకోవడం కూడా నిజం చెప్పడమే కదా. అది నాకప్పుడు ఓటమిలా కనిపించింది.

ఇంత చెప్పినా ఒకటి మిగిలే ఉంది. లేని మనిషితో పోల్చి ఉన్న మనిషిని చిన్నబుచ్చాను. అది ఎవరి పాపం? కంపెనీది కాదు, వాళ్ళు మా అమ్మని ఎరగరు. బాబాయిదా? అతనికి అప్పుడే తెలుసట ఆవిడ లేదని. "పిల్లవి, సరదా పడుతున్నావని ఊరుకున్నానే" అని ఆ మధ్య ఫోనులో అన్నాడు. నాదే అనుకుందామంటే పదేళ్ళు. ఎవరి ఖాతాలోనూ పడని తప్పులు ఇలాంటివి కొన్నుంటాయి గావును. ఖాతాలో పడనంతమాత్రాన పోవు. అమ్మ 1998లో పోయింది. ఆ ముప్ఫైమూడేళ్ళలో ఏనాడూ ఆ మాట ఎత్తలేదు నేను. తనూ ఎత్తలేదు. మర్చిపోయిందని నేను నా సౌకర్యం కొద్దీ అనుకున్నాను.

ఆ నోటుబుక్కు మాత్రం నా దగ్గరే ఉంది. ఈసారి అమెరికా వస్తూ పెట్లో పెట్టుకొచ్చాను. బెట్టీ క్రాకర్ కథ విన్న రాత్రి దాన్ని తీసి చూసుకున్నాను. ఆ ఫ్లోరెన్స్ లిండెబర్గ్ అనే అమ్మాయి గుర్తొచ్చింది. ఆవిడ చేతిరాతని గుర్తుపట్టినవాళ్ళు ఎందరో. ఆ చెయ్యి ఎవరిదో తెలిసినవాళ్ళు ఎందరు? ఎంత అన్యాయం అనుకుంటూ నోటుబుక్కు మూసేసరికి అట్టమీద నా గుండ్రటి అక్షరాలు కనపడ్డాయి. నా పేరు. తరగతి: 5 బి. లోపల నలభై పేజీల్లో ఎక్కడా అమ్మ పేరు లేదు.

మర్నాడు శనివారం. మా మనవరాలికి పదేళ్ళు. చారు పెట్టడం నేర్పమంది. గిద్దె ఎక్కడిది ఇక్కడ? దాని గ్లాసులే పెట్టుకుంది. పుస్తకంలో చెప్పినట్టు జుట్టు వెనక్కి కట్టుకుంది. అన్నీ తీసి వరసగా పెట్టుకుంది. పప్పు పోసి చాకు వీపుతో గీసింది. నా నోటుబుక్కు ఒక్కొక్క వరసే నేను చదువుతుంటే చేస్తోంది. దానికి తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు.

"ఇది నువ్వు రాశావా అమ్మమ్మా?"

"ఊఁ" అన్నాను, వెంటనే. చూశారా, ఎంత సులువుగా వచ్చేసిందో! ఒక క్షణం ఆగి, "రాసింది నేను. చెప్పింది మా అమ్మ" అన్నాను.

"ఆవిడ పేరేంటి?"

చెప్పాను. ఒకసారి అనిపించుకున్నాను కూడా. దానికి నోరు తిరగలేదు, మళ్ళీ అంది. దాని పెన్నే తీసుకుని మొదటి పేజీలో ఆ పేరు రాశాను. అరవై ఏళ్ళ కాగితం, సిరా కాస్త ఊరింది.

"ఇక్కడ ఖాళీ ఉందేం?" అంది ఉప్పు దగ్గరికొచ్చి.

"అక్కడ ఏమీ లేదమ్మా."

"మరి ఎంత వెయ్యాలి?"

నేనింకా ఆలోచిస్తున్నాను. అది ఆగలేదు. చిటికెడు వేసి, గరిటెతో తీసి, ఊదుకుని నోట్లో పోసుకుంది. "ఎంగిలి" అన్న మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. కాసేపు నాలిక చప్పరించి, "చాల్లేదు" అని ఇంకో చిటికెడు తీసింది.